పుస్తకముల బీరువా, దాని తాళపుచెవి

ఇటీవల మేమొక మిత్రుని గృహప్రవేశమునకు పోయితిమి. భోజనములైన పిమ్మట ఆయన మమ్ము ముందుగదిలోనికి తీసికొనిపోయి, గోడ పొడవునను నేలనుండి పైకప్పువరకు కట్టించిన పుస్తకముల అరలను చూపెను. చూచినంతనే మాకు మిక్కిలి సంతోషము కలిగెను. దగ్గరకు పోయి చూడగా పుస్తకములు రంగులనుబట్టి పేర్చబడి యుండెను. ఎఱ్ఱనివన్నియు ఒక యరలో, పచ్చనివన్నియు వేఱొక యరలో, నీలివన్నియు మఱియొక యరలో నున్నవి. భారతమున ఒక సంపుటము ఎఱ్ఱయట్టది గనుక వంటల పుస్తకము ప్రక్కను, దాని తోడిదే మఱియొకటి నీలియట్టది గనుక నిఘంటువు ప్రక్కను చేరినవి. నడుమ నడుమ ఇత్తడి బొమ్మలును పూలకుండలును అమర్చబడినవి. అన్నిటికంటె పై యరలో పుస్తకముల వెన్ను గోడవైపునకును, పుటల అంచు మనవైపునకును త్రిప్పి పెట్టిరి. అందు ఏ పుస్తకమేదియో తెలియుటకు మార్గము లేదు. ఆ యింటి చిన్నది, పదియేండ్ల పిల్ల, క్రింది యరనుండి ఒక పుస్తకమును లాగబోయెను. "వద్దమ్మా, వరుస చెడిపోవును" అని తల్లి వారించెను. పిల్ల చేయి వెనుకకు తీసికొనెను. ఈ వ్యాసమునకు కారణము ఆ వెనుకకు పోయిన చేయియే.

పుస్తకములను ఇంటికి అలంకారముగా నుంచుట దోషమని మేము చెప్పబోవుట లేదు. అందమైన వస్తువు ఇంటనుండుట అందఱకును ప్రియమే. బంగారు నగలతో నింపిన పెట్టెకంటె పుస్తకములతో నింపిన గోడను చూపి గర్వించు గృహస్థుడు మెచ్చదగినవాడు. అయితే ఈ యలంకారము నిన్న మొన్న పుట్టినది కాదు. రెండువేల యేండ్లుగా మనుష్యులు పుస్తకములను ఎట్లు పేర్చవలెనని తర్కించుచునే యున్నారు. ఆ చరిత్రమును పరిశీలించినచో మాకొక విషయము స్పష్టముగా కానవచ్చినది. పుస్తకములను పేర్చు ప్రతి విధమును ఒక ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది. ఈ పుస్తకమునకై చేయి చాచు అధికార మెవరిది? అనునదే ఆ ప్రశ్న.

మొదట రోమనుల సంగతి చూతము. వారి గ్రంథములు మన పుస్తకములవలె కుట్టినవి కావు. పపైరసు అను తుంగజాతి మొక్కనుండి చేసిన పొడవైన పత్రములను చుట్టలుగా చుట్టి అరలలో పేర్చెడివారు. చుట్టలన్నియు ఒకేరీతిగా నుండును గనుక, ప్రతిదానికిని పేరు వ్రాసిన చిన్న చీటి వ్రేలాడవలెను. చీటి లేనిచో గ్రంథము ఉండియు లేనట్లే. క్రీ. పూ. 56వ సంవత్సరమున సిసెరో యను ప్రసిద్ధవక్త తన సముద్రతీరపు గృహమున పుస్తకములను సరిచేయించెను. టిరానియో యను గ్రీకు పండితుడు వానిని వరుసపెట్టగా, సిసెరో మిత్రుడైన అట్టికస్ పంపిన సేవకు లిద్దఱు చీటీలంటించిరి. పని ముగిసిన పిమ్మట తన యింటికి ప్రాణము వచ్చినట్లున్నదని సిసెరో మిత్రునకు జాబు వ్రాసెను. ఇల్లు అందముగా నుండుటకును, ఇంటికి ప్రాణముండుటకును గల భేదము ఈ యొక్క మాటలో నున్నది. అరలకు రంగు వేయుటవలన గాక, కోరిన గ్రంథము కోరినపుడు చేతికి వచ్చుటవలన ఆ ప్రాణము కలిగినది.

ఆ తరువాత నూఱేండ్లకే వేషము మాఱినది. సెనెకా యను తత్త్వవేత్త క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో తన కాలపు ధనికులను గూర్చి కఠినముగా వ్రాసెను. విలువగల కఱ్ఱతోను దంతముతోను బీరువాలు చేయించి, పైకప్పు దాక గ్రంథములు నింపి, వాని పైచుట్టును పేరుచీటిని చూచి మాత్రమే ఆనందించి, ఇన్ని వేల గ్రంథముల నడుమ ఆవులించువారిని క్షమింప వచ్చునా యని ఆయన అడిగెను. స్నానశాలవలెనే గ్రంథశాలయు గొప్పయింటికి ఉండితీరవలసిన సొగసై పోయినదని ఆయన విచారము. చాలినన్ని పుస్తకములు కొనుము, చూపుటకొఱకు ఒక్కటియు కొనకుము అని ఆయన తీర్పు. ఇది నేటివారికి చెప్పినట్లే యున్నది కదా!

ఆ కాలపు గ్రంథశాల యొకటి మన కంటికి దొరకినది కూడ. క్రీ. శ. 79వ సంవత్సరమున వెసూవియస్ అగ్నిపర్వతము ప్రేలి హెర్క్యులేనియం పట్టణమును పూడ్చివేసెను. 1750 ప్రాంతమున అచ్చట త్రవ్వగా ఒక సంపన్నుని భవనములో చిన్న గది బయల్పడినది. గోడలచుట్టు మనిషి యెత్తు అరలు, నడుమ ఇరువైపులనుండియు అందునట్టి మఱియొక బీరువా. ఆ భవనమున దొరకిన బొగ్గువలె మాడిన చుట్టలు సుమారు 1,800. ఆ గది మహావైభవముగా నున్నది కాదు. నడుమ నిలిచినవాడు చేయి చాచిన అందని గ్రంథము అందు లేదు. సెనెకా నిందించిన గదులొకవైపు, ఈ గది మఱియొక వైపు ఉంచి చూచినచో పుస్తకములను ప్రేమించువాని యిల్లెట్లుండునో తెలియును.

చుట్టలు పోయి, పుటలు కుట్టిన పుస్తకములు వచ్చిన పిమ్మట వానిని పెట్టెలలోను బీరువాలలోను వెల్లకిల పరుండబెట్టెడివారు. ఇంగ్లండునందలి ఒక మఠమున 716వ సంవత్సరమునకు ముందు వ్రాయబడిన బైబిలు ప్రతి యొకటి ఇప్పుడు ఫ్లారెన్సు నగరమున నున్నది. అందలి చిత్రములో ఎజ్రా యను లేఖకుడు వ్రాసికొనుచుండగా, వాని వెనుక తలుపులు తెఱచిన బీరువాలో తొమ్మిది గ్రంథములు పరుండియున్నవి. ఇట్టి బీరువాకు లాటిను పేరు అర్మారియం. ఆయుధములను దాచు పెట్టె యని ఆ మాటకు మొదటి యర్థము. ఆ మాటయే పోర్చుగీసువారి నోట మాఱి, ఓడలెక్కి మన దేశమునకు వచ్చి 'అల్మారా' యైనది. ఆయుధముల పెట్టె పుస్తకముల పెట్టెగా మాఱుట నాగరకత చరిత్రములో మంచి మలుపే. అయినను పెట్టె స్వభావము పెట్టెదే. దానికి తలుపును తాళమును ఉండును.

మధ్యయుగమున తాళముతో తృప్తిలేక పుస్తకములకు సంకెళ్లును వేసిరి. ఒక్కొక్క గ్రంథమును చేతితో వ్రాయుటకు నెలలు పట్టెడిది. తోలుపుటలకు పశువులమందలే కావలసివచ్చెడిది. అందుచేత దొంగల భయము మెండు. ఇంగ్లండునందలి హెర్‌ఫర్డు దేవాలయములో 1611వ సంవత్సరమున కట్టిన గొలుసుల గ్రంథశాల నేటికిని చూడవచ్చును. గొలుసును అట్ట ముందంచునకు తగిలించి, రెండవ కొనను అరకున్న యినుపకడ్డీకి పూన్చిరి. వెన్ను వెలుపలికి పెట్టినచో గొలుసు చిక్కుపడును గనుక పుస్తకము యొక్క పుటల అంచే చదువరివైపు ఉండెడిది. మా మిత్రుని పై యరలోని పుస్తకములు అట్లు త్రిప్పబడి యుండుట చూచినపుడు మాకీ సంగతి జ్ఞప్తికి వచ్చెను. సంకెళ్ల కాలపు వరుసను సంకెళ్లు లేకయే మరల తెచ్చుకొంటిమి! ఆనాటివారు గ్రంథము సులభముగా తీసి చదువుటకై అట్లు త్రిప్పిరి. నేటివారు దాని పేరైనను కనబడకుండుటకై త్రిప్పుచున్నారు.

ఆ యంచును సైతము అందముగా చేయవచ్చునని చూపినవారును కలరు. ఇటలీ దేశమున బెల్లూనో సమీపమున పిల్లోనే యను కుటుంబమువారు 16వ శతాబ్ది చివర చెసరే వెచెల్లియో యను చిత్రకారునిచే తమ గ్రంథముల అంచులపై 150కి పైగా చిత్రములు వ్రాయించిరి. పుస్తకమునందలి విషయమునకు తగిన చిత్రమే దాని యంచునకు వచ్చినది. కావున చిత్రము అలంకారమును అయినది, గుర్తును అయినది. ఇదియే మేము కోరు అలంకారము. పుస్తకములోని దానిని చెప్పు సొగసు మంచిది. దానిని కప్పిపుచ్చు సొగసు చెడ్డది.

అచ్చుయంత్రము వచ్చి పుస్తకములు పెరిగిన కొలది వెన్ను వెలుపలికి తిరిగినది, దానిపై పేరు వెలసినది. గృహస్థుల యింట బీరువా నెలకొనినది. లండను నగరమున నౌకాదళపు కార్యాలయములో ఉద్యోగియైన సామ్యూల్ పెపిస్ తన దినచర్యలో 1666వ సంవత్సరపు వేసవిని గూర్చి వ్రాయుచు, పుస్తకములు ఎక్కువై కుర్చీలమీద ఒకదానిపై నొకటి పడియుండుటచే ఓడల రేవునందలి వడ్రంగిని పిలిపించి బీరువాలు చేయించితినని చెప్పెను. అద్దపు తలుపులుగల గృహగ్రంథపు బీరువాలలో మొదటివానియందు ఇవి చేరినవి. ఆయన మరణించునాటికి అట్టి బీరువాలు 12, పుస్తకములు 3,000. అవి 1724 నుండి కేంబ్రిడ్జిలోని మోడ్లిన్ కళాశాలలో నున్నవి. ఒక పుస్తకమును చేర్చరాదు, ఒకటియు తీసివేయరాదు అని ఆయన నియమము.

పెపిస్ తన పుస్తకములను పొడవునుబట్టి పేర్చెను. పొట్టి పుస్తకములు తక్కినవానితో సరితూగుటకై వాని క్రింద చిన్న కొయ్యదిమ్మెలను, పుస్తకపు వెన్నువలె అలంకరించి, పెట్టించెను. ఇది వట్టి ఆడంబరమని నవ్వువారు ఒక సంగతి మఱువరాదు. ఆయన ప్రతి పుస్తకమునకును అంకె వేసి, ఏ పుస్తకము ఏ యరలో నున్నదో తెలుపు పట్టికను తయారుచేసెను. కొలతప్రకారము పేర్చినను పట్టిక యున్నందున ఏ గ్రంథమును తప్పిపోలేదు. కావున రంగులనుబట్టియో పొడవునుబట్టియో పేర్చుట పాపము కాదు. పట్టిక లేకుండ అట్లు పేర్చుటయే పాపము.

తూర్పుదేశములలోను ఈ మోహము కలదు. కొరియా రాజైన జోంగ్జో 1791వ సంవత్సరమున తన సింహాసనము వెనుక సూర్యచంద్రులను పర్వతములను చిత్రించు వాడుక తెరను తీయించి, పుస్తకముల అరలను చిత్రించిన తెరను పెట్టించెను. రాచకార్యములచే చదువ తీరికలేని దినములలో దానిని చూచియైనను తృప్తిపడుదునని ఆయన భావము. చదువరియైన రాజునకు ఆ చిత్రము జ్ఞాపకార్థము. తరువాతి శతాబ్దిలో ఆ చిత్రములు సామాన్యుల యిండ్లకును వ్యాపించెను. ఇంగ్లండులో నవలాకారుడు చార్లెస్ డికెన్సు 1851లో తన యింట తలుపునకు ఉత్తుత్తి పుస్తకముల వెన్నులను అతికించి, వానికి హాస్యపు పేర్లు పెట్టెను. 'మన పూర్వుల జ్ఞానము' అను సంపుటములకు అజ్ఞానము, మూఢవిశ్వాసము, కొఱత, మురికి, రోగము మున్నగునవి ఉపనామములు. లోపల కాగితము లేని పుస్తకముచేతను సంఘసంస్కారము చేయించిన చతురుడాయన. లోపల కాగితమున్న పుస్తకములచే మనమేమి చేయించుచున్నామో ఆలోచింపవలసియున్నది.

ఇక ఇంగ్లండుకు నాలుగు పర్యాయములు ప్రధానమంత్రియైన గ్లాడ్‌స్టన్ 1890వ సంవత్సరమున పుస్తకములను గృహములో నెట్లు నిలుపవలెనను విషయముపై ప్రత్యేకముగా ఒక వ్యాసమే వ్రాసెను. అరలను గోడకు ఆనించుటయే కాక గోడనుండి గదిలోనికి అడ్డముగా నిలిపినచో తక్కువ చోట ఎక్కువ పుస్తకములు పట్టుననియు, కోరినది త్వరగా చేతికి దొరకవలెననియు, పుస్తకములే గదికి అలంకారము గనుక బీరువాకు వేఱు చెక్కడములు అక్కఱలేదనియు ఆయన సిద్ధాంతము. ఆయన మాటలతో నిలువలేదు. ఎనుబది యేండ్లు దాటిన వయస్సున తన 30,000కి పైగా పుస్తకములను హావర్డెన్ గ్రామమున తాను స్థాపించిన గ్రంథాలయమునకు, చాలవఱకు తానే చేతిబండితో తరలించెను. చదువరులు లేని పుస్తకములను, పుస్తకములు లేని చదువరులను ఒకచోట చేర్చవలెనని తండ్రి కోరెడివాడని ఆయన కుమార్తె చెప్పెను. బీరువా చరిత్రములో ఇంతకంటె మంచి యంకము మాకు కనబడలేదు.

ఇప్పుడు మన యిండ్లవైపు తిరుగుదము. మన పూర్వులకు బీరువా లేదు. తాళపత్ర గ్రంథమునకు వెన్ను లేదు గనుక అది నిలువలేదు. ఆకుల రంధ్రములలో త్రాడు దూర్చి, పైనను క్రిందను పలకలు పెట్టి, గుడ్డ చుట్టి, గోడగూటిలోనో పెట్టెలోనో అటకమీదనో పెట్టెడివారు. అప్పుడప్పుడు తీసి, దుమ్ము దులిపి, నూనె రాయనిచో పురుగు పట్టెడిది. అనగా ఆ గ్రంథము బ్రదుకుట చేయి తగులుటచేతనే. తెఱవని కట్ట చెదలకు ఆహారము. సి. పి. బ్రౌను దొర 1820ల నుండి ఇట్టి కట్టలను వెదకించి, పండితులను జీతములిచ్చి కూర్చుండబెట్టి, పాఠములు సరిచూపించి, కాగితములపై ప్రతులు వ్రాయించెను. అటకమీద పూజ్యముగా పడియున్న గ్రంథము వేఱు, కూర్చుండి చదువబడిన గ్రంథము వేఱు అని ఆయన కృషి మనకు నేర్పినది. తంజావూరు రాజుల సరస్వతీమహలులో తెలుగు గ్రంథములనేకములు చేరియుండెను. అది 1918లో ప్రజలందఱకును తెఱవబడినది.

నవరాత్రులలో మూలానక్షత్రమునాడు పుస్తకములకు పసుపుకుంకుమలు పెట్టి పూజించుట మన యాచారము. ఆనాడు పూజలోని పుస్తకమును ముట్టరాదని కొన్ని యిండ్లలో నియమమును కలదు. ఆ నియమము ఒక్క దినమునకే. తక్కిన దినములన్నియు ముట్టుటకే ఆ దినము ముట్టకుండుట. మనము చేసిన పొరపాటేమనగా, ఆ యొక్క దినమును సంవత్సరమంతయు సాగించితిమి. ఇంగ్లీషు చదువులతో అద్దపు బీరువాలు వచ్చెను. ప్లీడరుగారి ముందుగదిలో తోలుబైండు పుస్తకములు బంగారు అక్షరములతో వరుసగా నిలిచి, వచ్చినవారికి ఆయన యోగ్యతను చాటెను. తాళపుచెవి ఆయన మొలత్రాటనుండెను. ఆ గదికి ఇంటి ఆడువారు ఊడ్చుటకు వచ్చిరేగాని చదువుటకు రాలేదు. అద్దములోనుండి పుస్తకము కనబడును, చేతికి రాదు. అద్దపు బీరువా హెర్‌ఫర్డు గొలుసుకంటె క్రూరమైనదని మా యభిప్రాయము. గొలుసున్నను పుస్తకము చదువుటకు వీలున్నది.

ఇట్టి కాలముననే 1874లో జన్మించిన భండారు అచ్చమాంబగారు పాఠశాలకు పోలేదు. తమ్ముడు చదువుకొనుచుండగా ప్రక్కను కూర్చుండి అక్షరములు నేర్చిరి. ఆ తమ్ముని పుస్తకమునకు తాళము లేదు గనుక తెలుగుదేశమునకు 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాసిన విదుషీమణి లభించినది. ఆ తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. ఆయన నాయని వేంకటరంగారావుగారితోను, రావిచెట్టు రంగారావుగారితోను కూడి 1901వ సంవత్సరమున హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించెను. ఆ నిలయము మొదట రావిచెట్టువారి గృహముననే వెలసినది. ఒక యింటి గది ఊరివారి గది యైనది. అక్క చేయి చాచినపుడు వారింపని యింటనుండి, ఊరి వారందఱును చేయి చాచుటకు చోటు పుట్టినదని మేము తలచుచున్నాము.

అటుపిమ్మట 1914లో బెజవాడయందు ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రథమ మహాసభ జరిగినది. 1935లో కృష్ణా కాలువలపై పడవలలో పుస్తకములు పల్లెలకు పోయినవి. పడవలోని అరను ఎవరు అలంకరించిరి? దాని సొగసు గట్టున ఎదురుచూచువారి కన్నులలో నున్నది. 1931లో రంగనాథన్‌గారు గ్రంథాలయశాస్త్రమునకు అయిదు సూత్రములు వ్రాయుచు, పుస్తకములు ఉపయోగించుటకే అని మొదటి సూత్రము చెప్పెను. సెనెకా కోపముతో చెప్పినదానిని ఈయన శాస్త్రముగా చెప్పెను.

నేడు గజములకొలది పుస్తకములను కొని అరలు నింపువారు కలరు. 2020వ సంవత్సరపు మహమ్మారి కాలమున జనులు ఇంటనుండియే యంత్రములద్వారా సభలు జరిపినపుడు, తమ వెనుక పుస్తకముల గోడ కనబడునట్లు కూర్చుండుట మర్యాదయైనది. వారిని మేము నిందింపము. పుస్తకము వెనుకనుండుట గౌరవమని లోక మింకను తలచుచున్నది. అదియే మనకు కొంత ఆశ. వెనుకనున్నదానిని ముందునకు తెచ్చుకొనుటయే మిగిలిన పని.

గృహిణులారా, గృహస్థులారా! మీ యరలను మీ యిష్టమువచ్చినట్లు అందముగా పేర్చుడు. అయితే నాలుగు మాటలు మన్నింపుడు. పిల్లల పుస్తకములను పిల్లల చేతికందు యెత్తున పెట్టుడు. రంగుచొప్పున పేర్చినను ఒక చిన్న పట్టిక వ్రాసి అరకు తగిలింపుడు. దానిని వ్రాయుపని పిల్లలకే అప్పగించినచో వారికి పుస్తకములతో చుట్టఱికము కలుగును. వెన్నును వెలుపలికి త్రిప్పుడు. బీరువాకు తాళమున్నచో తాళపుచెవిని ఇంటిలో అందఱకును తెలిసిన మేకునకు తగిలింపుడు. పొరుగువారు పట్టుకొనిపోయిన పుస్తకమునకు చీటి వ్రాసియుంచుడు. ఆ ఖాళీ చోటును పూలకుండతో నింపకుడు. బీరువాలో అన్నిటికంటె అందమైనది ఆ ఖాళీయే.

మా మిత్రుని యింటనుండి బయలుదేరునపుడు మేమా పిల్లను పిలిచి, ఏ పుస్తకము తీయబోతివమ్మా అని అడిగితిమి. "అది ఏమిటో తెలియదు తాతగారూ, అందుకనియే తీయబోయితిని" అని ఆమె చెప్పెను. మేమామె తల్లివైపు చూచితిమి. ఆ యిల్లాలు మంచిది. కొంచెము సిగ్గుపడి, తానే పోయి, ఆ నీలి వరుసనుండి పుస్తకమును లాగి కూతురి చేతికిచ్చెను. వరుస చెడిపోయినది. గోడలో నల్లని సందొకటి ఏర్పడినది. ఆ సందుగుండ ఆ యింటికి ప్రాణము వచ్చుచున్నట్లు మాకు తోచినది.